దేవమ్మత్త పట్నం చూసిన నాలుగు రోజులు

చలి ముదిరితే యూనివర్సిటీ రోడ్ల మీద ఆకాశమల్లెలు రాలుతాయి. పొడుగు కాడల తెల్లని పూలు తెల్లారేసరికి దారంతా పరుచుకుని, వాకింగ్‌కు వచ్చేవాళ్ళ బూట్ల కింద నలిగి, మంచుకు తడిసిన మట్టి వాసనతో కలిసి ఒక తీయని వగరు వాసన పుట్టిస్తాయి. ఆ వాసన తగిలితే చాలు, నాకు మళ్ళీ పదకొండేళ్ళు వస్తాయి, పక్కన మా దేవమ్మత్త చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ ఉంటుంది. ఈ ఏడు ఆ రోడ్డు మీద నా పక్కన నడుస్తున్నది మా నాయిన. ఆయన గొంతులో ఒక గడ్డ లేచింది. తార్నాకలో మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు తడిమి చూసి, ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు వెళ్ళమని ఉత్తరం రాసిచ్చి మూడు వారాలైంది. ఆ ఉత్తరాన్ని మడిచి బైబిల్లో పెట్టి, "గా దవాఖానకు నేను రాను. మా అక్కను పొట్టన పెట్టుకున్నరు" అన్నాడు నాయిన. నా చిన్నప్పటి నుంచీ ఆయన ఆ మాట అంటూనే ఉన్నాడు. అది నిజం కాదని తెలిసినవాళ్ళు ఈ భూమి మీద ఇద్దరే ఉండేవారు. ఒకరు పోయారు. మిగిలినదాన్ని నేను.

అప్పుడు మా ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో, యూనివర్సిటీ గోడకు ఆనుకుని, రేకుల కింద రెండు గదులు. నాయిన ఒక సైన్సు డిపార్ట్‌మెంటులో అటెండరు. పిల్లల ప్రాక్టికల్స్‌కు గాజు సామానంతా కడిగి, తుడిచి, వరసగా పెట్టడం ఆయన పని. ముప్పై ఏళ్ళ కొలువులో పగలగొట్టినవి ఎన్నో వేళ్ళ మీద లెక్క చెప్పగలనని గర్వంగా అనేవాడు. ఆయన చేతులకు ఎప్పుడూ ఏదో యాసిడ్ వాసన ఉండేది. కోటు వేసుకున్న మనిషి కనిపిస్తే లేచి నిలబడేవాడు, నిన్నమొన్న చేరిన విద్యార్థిని కూడా సార్ అనేవాడు, ఇంట్లో కూడా గొంతు పెంచి మాట్లాడిన గుర్తు నాకు లేదు. అమ్మ లేడీస్ హాస్టల్ మెస్సులో వంటపని. చీకటి ఉండగానే వెళ్ళి, మధ్యాహ్నం దాటాక కొంగు నిండా తాలింపు వాసనతో వచ్చేది.

గోడకు మా బస్తీ వైపు ఒక కంత ఉండేది. అందులోంచి దూరితే క్యాంపసంతా మాదే. సీతాఫలాల కాలంలో బండల మధ్య పొదల్లో కళ్ళు విచ్చిన కాయలు వెతకడం, చింతచెట్ల కింద గింజలు ఏరుకుని ఓమనగాయలు ఆడడం, వేసవిలో ఆర్ట్స్ కాలేజీ చల్లని రాతిమెట్ల మీద అష్టాచెమ్మా, వాచ్‌మన్ కేకేస్తే పుస్తకాలు పట్టుకున్నవాళ్ళలా ముఖం పెట్టి నిలబడడం. అంత పెద్ద రాతి కట్టడం ముందు పెరిగిన పిల్లలం కనుక పట్నంలో అంతకంటే చూడాల్సినది లేదనుకునేవాళ్ళం. తార్నాకలో నేను చదివే మిషన్ బడిలో పిల్లలు జూలో సింహాల గురించి చెప్పుకుంటుంటే మాత్రం నేనూ చూసినట్టే తల ఊపేదాన్ని. చూడలేదు.

చూడకపోవడానికి కారణం ఉంది. పట్నంలో ఉండేవాళ్ళం పట్నాన్ని చుట్టాలు వస్తేనే చూస్తాం. మా ఇంటికి కామారెడ్డి దిక్కు మా ఊరి నుంచి వచ్చే చుట్టాల్లో సగం మంది రోగులు. కానీ రోగం అని ఊళ్ళో చెప్పి వచ్చేవాళ్ళు కాదు, పట్నం చూడబోతున్నం అని చెప్పి వచ్చేవాళ్ళు. రోగం పేరు బయటపడితే ఊరు మనిషిని చూసే చూపే మారిపోయేది, ముఖ్యంగా ఆడవాళ్ళను. తిరిగి వెళ్ళాక బాయి దగ్గర, నాట్ల దగ్గర అందరూ చుట్టూ చేరి పట్నం ఎట్లున్నదని అడుగుతారు కదా, అప్పుడు చెప్పడానికి నాలుగు సంగతులు ఉండాలి. అందుకని నాయిన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆదివారం లాలాపేట్‌లో ఆరాధన ముగిశాక పట్నం చూపించేవాడు, సోమవారం దవాఖానకు తీసుకువెళ్ళేవాడు. ఒకసారి దవాఖాన గడప తొక్కితే ఇక వాళ్ళకు చార్మినార్ పక్కన నిలబెట్టినా కనిపించదు అనేవాడు. ఆ ఒక్క ఆదివారంలో ఆర్ట్స్ కాలేజీ, ట్యాంక్‌బండ్, పొట్లం కట్టించిన పల్లీలు, అంతే. సింహాల దాకా మేము ఎప్పుడూ చేరలేదు.

దేవమ్మత్త నాయిన కంటే పదేళ్ళు పెద్దది. తల్లి చిన్నప్పుడే పోతే నాయినను చంకనేసుకుని పెంచింది. మొగుడు పోయాక ఒక్కతే ఎకరం పొలం చేసుకుంటూ ఉండేది. ఆ ఏడు క్రిస్మసుకు రెండు వారాల ముందు, బడికి సెలవులిచ్చిన శనివారం, నెత్తి మీద కొత్త బియ్యం మూట, చేతిలో నువ్వుల సంచితో మా గుమ్మంలో నిలబడింది. ఇల్లు అప్పుడు పండగ పనుల్లో ఉంది. వెదురుపుల్లలకు రంగుకాగితం అంటించి నేను నక్షత్రం చేస్తున్నాను, అమ్మ గరిజెలకు కొబ్బరి, బెల్లం కలుపుతూ ఉంది, మసులుతున్న నూనె వాసన గల్లీ చివరి దాకా వస్తోంది. అత్త కాళ్ళు కడుక్కోగానే గుడ్డ పరిచి సకినాలు చుట్టడానికి కూర్చుంది. కుడిచేత్తో వడివడిగా చుడుతూ, ఎడమచేతిని మాత్రం ఒంటికి అదిమిపెట్టుకుంది. అమ్మ అది చూసింది. లోపలికి తీసుకువెళ్ళి తలుపు వేసింది. బయటికి వచ్చాక అమ్మ ముఖం మారిపోయింది. రొమ్ములో గడ్డ అని నాయినతో గుసగుసగా చెప్పడం నాకు వినబడింది.

ఆదివారం నాయిన పద్ధతి ప్రకారం బయల్దేరాం. ఆర్ట్స్ కాలేజీ ముందు అత్త మెడ వెనక్కి వంచి పైదాకా చూసి, "గింత పెద్ద బడిని ఎవలు ఊడుస్తరు తమ్మీ?" అని అడిగింది. నాలాంటోళ్ళే అక్కా అన్నాడు నాయిన. అయితే ఇది నీదే అన్నది అత్త. నాయిన నవ్విన అరుదైన నవ్వుల్లో అదొకటి.

ఆ వారం డిపార్ట్‌మెంటులో ప్రాక్టికల్ పరీక్షలు. నాయినకు సెలవు దొరకలేదు, అమ్మకు మెస్సు తప్పదు. బోర్డులు చదవగలిగినదాన్ని, ఉర్దూలో నాలుగు ముక్కలు వచ్చినదాన్ని నేనే కనుక అత్తను నాకు అప్పగించారు. ఎక్కడ దిగాలి, ఏ గేటులోంచి పోవాలి, ఏ కిటికీ దగ్గర చిట్టీ రాయించుకోవాలి అన్నీ నాయిన నాతో మూడుసార్లు వల్లె వేయించాడు. పన్నెండు దాటితే చిట్టీలు రాయరు, అది మాత్రం మరవకు అన్నాడు. నేను మరవలేదు. ఆ నాలుగు రోజులూ ఆ మాట నాకు గుర్తుంది.

సోమవారం పొద్దున తార్నాక చౌరస్తాలో బస్‌స్టాపు. మంచు ఇంకా విడవలేదు. టీకొట్టు ముందు ఇడ్లీ పాత్రల ఆవిరి, బడులకు పోయే టీచర్లు, స్వెట్టర్ల మీద చున్నీలు కప్పుకున్న ఆడపిల్లలు. ముందు వచ్చిన బస్సు ఎక్కడికి పోతదని అత్త అడిగితే చార్మినార్‌కు అన్నాను. దాని వెనకే దవాఖాన బస్సు వచ్చింది, జనం ఎక్కారు, అత్త కదలలేదు. బస్సు పోయాక నా చెయ్యి పట్టుకుని అన్నది.

"గాడికి పోయినంక నేను రోగిష్టిదాన్నే బిడ్డా. ఇయ్యాల ఒక్కరోజు చుట్టపుదాన్నిగ ఉంట."

వాళ్ళ ఊళ్ళో ఇలాంటి గడ్డతోనే పట్నం వచ్చిన ఒకావిడ కోతకు ఒప్పుకుని, ఇంటికి వెళ్ళాక మూడు నెలలకే పోయిందని ఆ తర్వాత నాకు తెలిసింది. అప్పుడు నేనేమీ అడగలేదు. చార్మినార్ పైకి ఎక్కుతామా అన్నది ఒక్కటే నా ఆలోచన. ఎక్కాం. ఇరుకు మెట్లు చుట్టూ తిరుగుతూ, చీకట్లో గోడను తడుముతూ, ముందు వెళ్ళేవాళ్ళ మడమలు చూసుకుంటూ పైకి వెళితే, కింద లాడ్‌బజార్ గాజుల రంగులు, తోపుడుబండ్ల మీద జామకాయల కుప్పలు, పావురాలు, దుమ్ము, ఎక్కడి నుంచో నమాజు పిలుపు. అత్త తల మీద కొంగు సరిచేసుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. ఎవరు పిలిచినా దేవుడినే గదా అన్నది.

సాయంత్రం నాయిన యూనిఫారం విప్పకుండానే ఏమన్నరని అడిగాడు. అత్త తల దించుకుంది. ఫలానా మాట చెప్పమని ఆమె నాకు చెప్పలేదు, దారిలో మేము ఏమీ అనుకోలేదు కూడా. ఆ క్షణంలో నా నోట్లోంచే వచ్చింది, "పెద్ద డాక్టర్ రాలే. రేపు రమ్మన్నరు" అని. ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. దవాఖానంటే గంతే గద అని నాయిన నిట్టూర్చి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.

మంగళవారం మ్యూజియం. అద్దాల వెనక కత్తులు, ఏనుగుదంతపు కుర్చీలు, రాతి ముసుగులోంచి ముఖం కనిపించే ఆడమనిషి బొమ్మ. అన్నిటికంటే ఒక పెద్ద గడియారం ముందు జనం ఎక్కువ. గంట అయ్యే ముందు అందులోంచి గడ్డమున్న ఒక బొమ్మ మనిషి వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పదకొండు కొట్టినప్పుడు మేము వెనక ఉండిపోయి సరిగా చూడలేదు. అత్త పన్నెండు దాకా ఉందామన్నది. నేలమీద అందరితోపాటు కూర్చున్నాం. బొమ్మ మనిషి వచ్చి ఒక్కో దెబ్బ కొడుతుంటే అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పన్నెండో దెబ్బకు దవాఖానలో చిట్టీల కిటికీ మూసి ఉంటారని నాకు తెలుసు. ఇక ఆ రోజుకు ఎలాగూ కుదరదు కదా అని నాకు హాయిగా అనిపించింది.

బుధవారం జూ. అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి వెళ్ళాం, కిటికీ పక్కన కూర్చోవడానికి నేను అత్తను తోసుకుంటూ ఎక్కాను. జాలీ కట్టిన బండిలో తిప్పి సింహాలను చూపించారు. అవి చెట్టు కింద పడుకుని మా వైపు కూడా చూడలేదు. అయినా నా కడుపు నిండిపోయింది. నీటిగుర్రం నోరు తెరిస్తే, మా పటేలు ఆవులించినట్టే ఉన్నదని అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గడ్డి మీద కూర్చుని సద్ది విప్పుకుని తిన్నాం. కొత్త బియ్యపు అన్నం, పచ్చిపులుసు, నువ్వుల పొడి. ఎడమచేయి పైకి లేపలేక ఆమె కొప్పు ముడవమంటే నేను ముడిచాను. వెంట్రుకలకు ఆముదం వాసన. అంత సంతోషంగా ఒక పెద్దమనిషి నాతో గడపడం నా బతుకులో అదే మొదటిసారి.

గురువారం నిజంగానే దవాఖాన బస్సు ఎక్కింది అత్త. సరైన చోట దిగాం. గేటు ముందు ఫుట్‌పాత్ మీద తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్నవాళ్ళు, టిఫిన్ డబ్బాలు, మొహాలకు గుడ్డలు కట్టుకున్నవాళ్ళు, లోపలి నుంచి ఫినాయిల్ వాసన. టైము పది కూడా కాలేదు. చిట్టీల కిటికీ నాకు కనిపిస్తూనే ఉంది, వరస పెద్దగా లేదు. అత్త గేటు ఊచ పట్టుకుని చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి అడిగింది.

"ఇంకేం లేవా బిడ్డా చూసేటియి?"

లేవత్తా, అన్నీ అయిపోయినయ్ అని నేను అని ఉంటే ఆమె లోపలికి నడిచేది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది, నా నోటి నుంచి ఆ మాటే రావాలని సగం ఎదురుచూస్తున్న ముఖం. నేను, "గోల్కొండ ఉన్నది" అన్నాను.

చిన్నపిల్లవు, నీకేం తెలుసు అని ఎవరైనా అనవచ్చు. నాకు తెలుసు. ఆమె మీద జాలితో అన్నానని చెప్పుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. నేను గోల్కొండ చూడలేదు, చూడాలి, అంతే. కోట పెద్ద దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండ మీదికి వినబడుతుందని బడిలో చెప్పారు. అత్త ఎక్కలేనని కింద ఉండిపోయింది, నేను పరుగున పైకి వెళ్ళాను. కింద దర్వాజా దగ్గర వచ్చినవాళ్ళందరూ చప్పట్లు కొడుతూనే ఉన్నారు, వాటిలో ఆమెవి ఏవో నాకు తెలియలేదు. దిగివచ్చాక వినబడ్డయా అని అడిగితే వినబడ్డయి అన్నాను.

పండగ దగ్గరపడ్డదని, మళ్ళీ వస్తానని అత్త శుక్రవారం ప్రయాణం కట్టింది. దవాఖానోళ్ళు రోజూ తిప్పుతున్నరు, పండగైనంక నేనే వెంట ఉండి చూపిస్త అన్నాడు నాయిన. మల్కాజ్‌గిరి స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కించాం. పండగ తర్వాత రమ్మని ఉత్తరం రాస్తే పసుపు తవ్వాలన్నది, తర్వాత వరికోతలన్నది. ఈస్టరు దాటాక వచ్చింది. ఎడమచేయి వాచి జాకెట్టు పట్టడం లేదు.

ఈసారి నాయిన సెలవు పెట్టాడు. నన్నూ తోడు తీసుకువెళ్ళాడు. పరీక్ష చేసిన డాక్టరు చిన్నవాడు, మీసాలు సరిగా రాలేదు. ఇన్నాళ్ళు ఏం చేశారు, చలికాలంలో తెచ్చి ఉంటే వేరేలా ఉండేది అన్నాడు. నాయిన చేతులు కట్టుకునే, వచ్చినం సార్, నాలుగు రోజులు వచ్చినం, మీరే లేరు అన్నాడు. వస్తే చిట్టీ ఉండాలి కదా, చూపించు అన్నాడు డాక్టరు. నాయిన మా వైపు చూశాడు. చిట్టీ పొయ్యిల పడ్డది తమ్మీ, నేనే పోగొట్టిన అన్నది అత్త. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది, నొప్పి పుట్టేలా నొక్కింది.

అప్పుడు నాయిన అరిచాడు. కోటు కనిపిస్తే లేచి నిలబడే మనిషి, బల్ల మీద చెయ్యి చరిచి, గరీబోళ్ళ పానమంటే మీకు గింత అలుసా అని వార్డు వార్డంతా తలుపుల దగ్గరికి వచ్చేలా అరిచాడు. ఆ డాక్టరు బిత్తరపోయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇద్దరు నౌకర్లు నాయినను రెక్కలు పట్టుకుని బయటికి తెచ్చారు. మెట్ల మీద కూర్చుని ఆయన చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు తెలిసి ఆయన బతుకులో ఎదురు తిరిగింది ఆ ఒక్కసారే, అదీ నా అబద్ధాన్ని నమ్ముకుని.

వానాకాలం పోకముందే అత్త పోయింది. సమాధి పెట్టెకు మేకులు కొడుతుంటే ఊరి ఆడవాళ్ళు నన్ను దగ్గరికి తీసుకుని, "పట్నమంత తిప్పి చూపిచ్చినవంట గద బిడ్డా, సచ్చేదాక అదే ముచ్చట" అని మెచ్చుకున్నారు. సింహాల గురించి, గంట కొట్టే బొమ్మ గురించి ఆమె ఎలా చెప్పేదో నాకే తిరిగి చెప్పారు. ఆ మెచ్చుకోలు పెట్టినంత బాధ ఇంకెవరి తిట్టూ నాకు పెట్టలేదు. ముందు తెచ్చి ఉంటే ఆమె బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత నాయిన ఎవరికీ పట్నం చూపించలేదు. వచ్చినవాళ్ళను వచ్చిన రోజే వేరే ఏదో దవాఖానకు తీసుకువెళ్ళేవాడు, ఆ దవాఖాన పేరెత్తితే మాత్రం వచ్చినవారికీ పోయినవారికీ అక్క కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ నన్ను సాక్ష్యం అడిగేవాడు, నేను తల ఊపేదాన్ని.

నిన్న పొద్దున నడక మధ్యలో నాయినను ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఇంత వయసొచ్చాక, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, తండ్రి ముందు రెండుసార్లు తడబడి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. కుర్రాళ్ళు మెట్ల కింద ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు, ఎండ పైమెట్టు దాకా వచ్చింది. అప్పుడు అన్నాడు, ఆ గడ్డతో బొంగురుపోయిన గొంతుతో.

"గా డాక్టరు పోరడు. నేను ఎన్నెన్ని మాటలన్న."

నాకొక్క మాట చెప్తే అయిపోతుండె గద బిడ్డా అన్నాడు. తర్వాత, అక్క సంబురపడ్డదా అని అడిగాడు. పడ్డదన్నాను. ఏమేం చూసినమో చెప్పమన్నాడు. చార్మినార్ నుంచి మొదలుపెట్టి గోల్కొండ దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకోలేదు, కారుతూనే ఉన్నాయి.

ఈ రోజు పొద్దున తార్నాకకు నడిచి వచ్చాం. గోడలో కంత ఏనాడో మూసేశారు. రేకుల ఇళ్ళ స్థానంలో స్లాబులు లేచాయి. మేము బస్సు కోసం నిలబడిన చోటు మెట్రో స్తంభాల నీడలో ఎక్కడో కలిసిపోయింది, గుర్తుపట్టలేకపోయాను. పట్నం చూడబోతున్నం అని చెప్పి ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు, పట్నం వాళ్ళ ఫోనుల్లోనే ఉంది. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, డాక్టరు రాసిచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకున్నాడు. స్టేషన్ లిఫ్టు ముందు ఆగి, నా భుజం పట్టుకుని, ముఖం చూడకుండా అన్నాడు.

"నాకేం చూపియ్యకు బిడ్డా. సక్కగ దవాఖానకే తోల్కపో."